బరక్ వాళ్ళమ్మ

మా ఊళ్ళో ఆడదానికి మొదటి బిడ్డ పుట్టిన రోజున ఆమె పేరు పోతుంది. బిడ్డ పేరుకు ముందు 'మెన్' తగిలించి, ఫలానావాళ్ళ అమ్మ అని పిలవడం మొదలుపెడతారు. మగవాడైతే 'పాన్' అవుతాడు. పక్కింటి మెన్ లస్తి అసలు పేరేమిటని ఎవరైనా అడిగితే నేను తల గోక్కోవలసిందే. ముప్ఫయ్యేళ్ళుగా ఆమె లస్తి వాళ్ళమ్మ, అంతే. నాకు పిల్లలు పుట్టలేదు. నా కళ్ళ ముందు పుట్టిన ఆడపిల్లలు కూడా తల్లులై పేర్లు మార్చుకుని తిరుగుతుంటే, నేను మాత్రం యాభై దాటేదాకా ఉత్త సార్తిగానే ఉండిపోయాను.

నా పేరు మార్చింది ఒక ఉడికించిన కోడి. ఆ రోజు మెన్ లస్తి ఇంట్లో పూజ. నైవేద్యానికి పెట్టిన కోడిని మా కుక్క బరక్ నోట కరుచుకుని, గోడ దూకి వచ్చి, నా బంతి మడిలో కూర్చుని తింటున్నాడు. వెనకే గోడ మీది నుంచి మెన్ లస్తి గొంతు వచ్చింది.

"ఒసేయ్ మెన్ బరక్! నీ సుపుత్రుడి ఘనకార్యం చూశావా? దేవుడికింకా చూపించనేలేదు, వీడు తొడలు రెండూ మింగేశాడు!"

సందు సందంతా నవ్వింది. మర్నాడు సంతలో చేపలమ్మే మనిషి కూడా "రా మెన్ బరక్, ఇవాళ చేప బాగుంది" అంది. నేను ముఖం ముడుచుకున్నాను. మెన్ లస్తితో వారం రోజులు మాట్లాడలేదు. నిజానికి నాకు కోపం రాలేదు. ఇంటికి వచ్చి, వంటింట్లో నిలబడి, ఆ పేరు ఒకసారి పైకి అని చూసుకున్నాను. మా ఆయన సద్ర వెనకే ఉన్నట్టు నాకు తెలీదు.

"అయితే నేను పాన్ బరక్‌నన్నమాట" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

కుక్కను వాడూ వీడూ అనడమేమిటని మీకనిపిస్తే అనిపించనివ్వండి. బరక్ అంటే మా భాషలో ఎరుపు. వాడి ఒళ్ళు కాలిన ఇటుక రంగు, మూతి మాత్రం మసికుండలో పెట్టి తీసినట్టుంటుంది. వాడి తల్లి పోలెంగ్ నా కుక్క కాదు, సద్ర కుక్క. ఒక వానాకాలం గడ్డివామి కింద నాలుగు పిల్లల్ని పెట్టింది. మూడు పోయాయి, వీడు మిగిలాడు. వాడింకా కళ్ళు తెరవలేదు, నేను కొబ్బరాకు కోసుకునే చిన్న కత్తి పట్టుకుని సద్ర వచ్చాడు.

"తోక చివర గోరంత కోసేద్దాం, పట్టుకో" అన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. భూమికి పెద్ద శాంతి చేసినప్పుడు, ఆ భూతయజ్ఞంలో బలివ్వడానికి ఎర్రటి ఒళ్ళూ నల్లటి మూతీ ఉన్న కుక్క కావాలి. ఏ లోపమూ లేనిదై ఉండాలి. ఏటేటా జరిగే పని కాదు, కానీ జరిగినప్పుడు మాత్రం ఊరంతా గాలిస్తారు. అందుకని మా సందులో అలాంటి పిల్ల పుడితే, పెంచుకుందామనుకునే వాళ్ళు తోకో చెవో కాస్త కత్తిరిస్తారు. చూసినవాళ్ళు పుట్టుకతోనే అంతేమో అనుకుని ఊరుకుంటారు.

సద్ర అరచేతిలో వాడు కుయ్యిమన్నాడు. నేను వాణ్ణి లాక్కుని ఒళ్ళో దాచుకున్నాను.

"పాలు తాగే గుడ్డు మీద కత్తేమిటయ్యా? నీకు చేతులెలా వస్తున్నాయి?"

"ఇప్పుడైతే ఎవరు కోశారో కూడా వాడికి తెలీదు సార్తీ. సాయంత్రానికి మర్చిపోతాడు. తర్వాత నువ్వే ఏడుస్తావు."

"ఏడిస్తే ఏడ్చేది నేనే కదా. నీకేం పోయింది?"

ఆయన కత్తి తీసుకెళ్ళి దాని చోట పెట్టేశాడు. నాతో వాదించి గెలిచిన రోజంటూ ఆయనకు లేదు. ఆ ఒక్క రోజైనా గెలిచి ఉంటే బాగుండేదని ఇప్పుడనుకుంటాను.

కోడి సంగతి జరిగిన మరుసటేడు సద్ర పోయాడు. పొలం నుంచి వచ్చి, మంచినీళ్ళడిగి, నేను తెచ్చేలోపు గోడకి ఆనుకుని పోయాడు. మూడేళ్ళు దాటింది. పోలెంగ్ ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి వాకిలి గడప మీద కూర్చుంటుంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడితే తల పక్కకి వంచి నా వెనక చూస్తుంది. దానికి నేను అన్నం పెట్టే మనిషిని, అంతకు మించి ఏమీ కాను. దాన్ని తప్పుపట్టను. నేను కూడా ఆ వేళకి గడప వైపే చూస్తుంటాను.

పొలం మరిదికి వదిలేశాను. నాకు ఇంటి చుట్టూ ఉన్న పూలతోట చాలు. బంతి, మందారం, రెండు సంపెంగ చెట్లు, గోడ వారగా దేవగన్నేరు. మా దగ్గర ప్రతి ఇంట్లో రోజూ దేవుళ్ళకీ పితృదేవతలకీ కొబ్బరాకు దొన్నెల్లో పూలు పెట్టాల్సిందే కనుక పూలమ్మే మనిషి పస్తుండదు. పొద్దున్నే కోసి సంతకి చేర్చి, ఇంటికొచ్చి దొన్నెలు కుట్టుకుంటూ కూర్చుంటాను. చేతులకి పని ఉంటుంది, నోటికుండదు. కొన్ని రోజులు పొద్దుగూకాక, ఇవాళ ఎవరితోనైనా మాట్లాడానా అని గుర్తు చేసుకుంటే, బరక్‌ని తిట్టిన తిట్లే లెక్కకొచ్చేవి.

వాడు తిట్లు తినే పనులు చేసేవాడు మరి. దేవగన్నేరు కింద బంతి మడిలో చల్లగా ఉంటుందని ఒక గుంట తవ్వుకుని అందులో పడుకునేవాడు. నేను గుంట పూడ్చి మొక్కలు పెట్టేదాన్ని. వాడు మొక్కలు పీకి మళ్ళీ తవ్వేవాడు. ప్రతి పంటకీ ఆరేడు మొక్కలు వాడి నడుము కింద పోయేవి. ఇక పొద్దున్నే వాకిట్లో నేల మీద భూతాలకి అన్నం ముద్దలు పెట్టి, పువ్వు పెట్టి, నీళ్ళు చల్లుతానా, మూడోసారి చల్లేలోపు వాడు మూతి పెట్టేసేవాడు.

"ఆగరా దొంగసచ్చినోడా! ముందు వాళ్ళని తిననివ్వరా!" అని చీపురు విసిరేదాన్ని. వాడు పక్కకి తప్పుకుని, చీపురు పడ్డాక దాన్ని కూడా నోట పట్టుకుని తెచ్చి ఇచ్చేవాడు. ఇది రోజూ జరిగేది. ఒక్కరోజు వాడు ఆగినా నాకు తోచేది కాదు.

కిందటి వానలకి గుడి వెనక గట్టు జారి ప్రహరీ కూలింది. ఆరు నెలలు ఊరంతా కలిసి మళ్ళీ కట్టాం. నేనూ ఇసక తట్టలు మోశాను. ఒంటరి ఆడది సగం పని చేస్తే చాలంటారు, అయినా నేను పూర్తి పని చేశాను, ఇంట్లో కూర్చుని చేసేదేముంది కనుక. గోడ పూర్తయ్యాక నేలకి పెద్ద శాంతి చెయ్యాలన్నారు. ఒక మధ్యాహ్నం చెక్కగంట కొట్టి అందరినీ సావిడికి పిలిచారు.

మా వాడ పెద్ద పాన్ సువిత్ర. మంచివాడు, గొంతు లేవదు. గట్టిగా అరిచేవాళ్ళతోనైతే నేను గొడవ పడగలను. ఆయన తాటాకు మీద రాసుకొచ్చినది నెమ్మదిగా చదివాడు. కోళ్ళు దొరికాయి, బాతు దొరికింది, మేకని పై వాడవాళ్ళిస్తున్నారు.

"ఇక ఎర్ర కుక్క ఒకటి మిగిలింది. నల్ల మూతిది. చెవీ తోకా సరిగ్గా ఉన్నది" అని తాటాకు మడిచాడు.

ఎవరూ నా వంక చూడలేదు. నలభై మంది ఒకేసారి నేల చూపులు చూశారు. పక్కనే కూర్చున్న మెన్ లస్తి మోచేత్తో పొడిచి, "ఏమేవ్, నీ కొడుక్కి గుడి నుంచి పిలుపొచ్చిందే" అంది నవ్వుతూ. నా ముఖం చూసి నవ్వాపేసింది. ఆమె నోరు పెద్దదే కానీ మనసు చెడ్డది కాదు.

మూడోనాడు పాన్ సువిత్ర మా ఇంటికొచ్చాడు. ఇంటికొచ్చిన మనిషిని వెంటనే పని అడగకూడదు, వచ్చినవాడు వెంటనే చెప్పకూడదు. కాఫీ ఇచ్చాను. వేయించిన అరటికాయ ముక్కలు పెట్టాను. బరక్ ఆయన కాళ్ళు వాసన చూసి, మొరిగి, నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"బాగా పెంచావు చెల్లీ" అన్నాడాయన. "ఈ చుట్టుపక్కల ఇంత నిఖార్సయిన రంగు లేదు."

"నేనేం పెంచాను అన్నా, నా కోళ్ళ గుడ్లు దొంగతనంగా తాగి వాడే పెరిగాడు."

ఆయన నవ్వాడు. కప్పు కింద పెట్టాడు.

"నిన్ను బలవంతం చేసేవాళ్ళెవరూ లేరు. అడగమన్నారు, అడుగుతున్నాను. మంత్రంతో పోయిన ప్రాణం ఊరికే పోదు కదా చెల్లీ. పై జన్మలో మనిషవుతాడు. కుక్క బతుక్కి అంతకంటే ఏం కావాలి? ఇది నువ్వు నమ్మవా?"

"నమ్ముతాను అన్నా."

"మరింకేం?"

నమ్మనిదాన్నయితే కుదరదు పొమ్మని ఒక్క మాటలో తేల్చేసేదాన్ని. నేను నిజంగానే నమ్ముతాను. రోజూ పొద్దున్నే నేల మీద అన్నం పెట్టేదాన్ని, భూమికి ఆకలి ఉంటుందని నమ్మకుండా ఎలా పెడతాను? గట్టు మళ్ళీ జారితే కింద పదకొండు ఇళ్ళున్నాయి. అందులో నాదొకటి, మెన్ లస్తిదొకటి.

"పై వారం మంగళవారం పొద్దున పూజారి చూడ్డానికొస్తాడు. ఈలోపు ఆలోచించుకో" అని ఆయన లేచాడు. వెళ్తూ బరక్ తల నిమిరాడు. వాడు తోకూపాడు, పిచ్చి వెధవ.

ఆ సాయంత్రం మెన్ లస్తి గోడ అవతలి నుంచి ఒక గిన్నెలో పనసకాయ కూర అందించింది. ఏదైనా మాట చెప్పదలుచుకుంటేనే ఆమె కూరతో వస్తుంది.

"ఎందుకంత బెంగ పెట్టుకుంటావు? ఎవరికి తెలుసు, మన సందులోనే ఎవరి కడుపునో పడతాడు. మా కోడలు ఇంకో బిడ్డ కావాలంటోంది. వాడే పుడితే తెచ్చి నీ ఒళ్ళోనే వేస్తాను, సరేనా? అన్నప్రాసన రోజు నేను నా కోళ్ళన్నీ లోపల పెట్టుకుంటాను."

నవ్వాను. గిన్నె కడిగి ఇచ్చాను. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది. నా ఒళ్ళో బిడ్డ అనే మాట నాతో ఎవరన్నా ఎంతకాలమైందో. రెండు రోజులు అదే తలుచుకుంటూ పూలు కోశాను. వాడు మనిషిగా పుడతాడు, ఎర్రగా ఉంటాడు, ఈ సందులో పాకుతాడు. సరే. తర్వాత? వాడికి ఒక తల్లి ఉంటుంది. ఆమె మెన్ ఏదో అవుతుంది. వాడు బడికి వెళ్తాడు, నా గోడ పక్క నుంచి పోతూ, పూలమ్మే ముసలమ్మా అంటాడు. మనుషులు నా దగ్గరికి పని ఉంటేనే వస్తారు. పని లేకుండా నా దగ్గరికొచ్చి కూర్చునేది ఈ లోకంలో వీడొక్కడే. వాడు కుక్కగా ఉన్నాడు కాబట్టే కూర్చుంటున్నాడు.

ఇది స్వార్థమని నాకు తెలుసు. వాడికొచ్చే మంచి జన్మని నా కోసం ఆపుతున్నాను. తెలిసీ ఇవ్వలేకపోయాను.

మొదట పిచ్చి పని ఒకటి చేశాను. పసుపు దంపి, కొబ్బరి నూనెలో కలిపి, వాడి నల్ల మూతికి దట్టంగా పూశాను. రంగు మారితే పనికిరాడు కదా అని. వాడు తుమ్మాడు, నాకాడు, మళ్ళీ తుమ్మాడు, తిన్నగా గోడెక్కి మెన్ లస్తి వాకిట్లో దిగాడు.

"ఓలమ్మో! పెళ్ళికొడుకు వచ్చాడర్రా!" అని ఆమె కేకలు. "ఏమే మెన్ బరక్, సంబంధం ఎక్కడ కుదిరింది? మాకు చెప్పనైనా చెప్పలేదేం?"

మధ్యాహ్నానికల్లా పసుపంతా వాడి పొట్టలోకి పోయింది, మూతి ఎప్పటిలాగే నల్లగా మెరుస్తోంది. గోడ అవతల మెన్ లస్తి మాత్రం నవ్వడం ఆపేసింది. ఎందుకు పూశానో ఆమెకి అప్పటికి అర్థమైనట్టుంది. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

సోమవారం వచ్చింది. మర్నాడు పొద్దున పూజారి వస్తాడు. పొద్దుటి పూలు సంతలో ఇచ్చి వచ్చి, దొన్నెలు కుట్టడానికి కూర్చున్నాను కానీ ఒక్కటీ కుట్టలేదు. కత్తి చేతిలోనే ఉంది. సద్ర ఆ రోజు పట్టుకున్న కత్తే. పదేళ్ళుగా నూరి నూరి సన్నబడింది. నడి మధ్యాహ్నం, సందులో అందరూ నిద్రపోతున్నారు. కోళ్ళు కూడా అరవడం లేదు.

"బరక్, రారా" అన్నాను.

గుంటలోంచి లేచి, మట్టి దులుపుకుని, ఆవులిస్తూ వచ్చాడు. చేపముక్క పెట్టాను. తిన్నాడు. తర్వాత ఎప్పటిలాగే తల నా తొడ మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నేను వాడి ఎడమ చెవిని పట్టుకున్నాను. చెవి వెచ్చగా, పల్చగా, తమలపాకులా ఉంది. రోజూ అక్కడే గోకేదాన్ని కనుక వాడు ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

కోసేశాను. గోరంత కాదు, రెండు వేళ్ళంత తెగింది.

వాడు అరిచిన అరుపు నేను చెప్పను. ఒక్క గెంతులో అవతలికి దూకి, తిరిగి నిలబడ్డాడు. చెవి నుంచి రక్తం కంట్లోకి కారుతోంది. మొరగలేదు, కరవడానికి రాలేదు. నా ముఖం చూశాడు, నా చెయ్యి చూశాడు, మళ్ళీ ముఖం చూశాడు. నేను కత్తి పారేసి చేతులు చాచాను.

"రారా నాన్నా, అయిపోయింది, ఇక లేదు, రా."

చెయ్యి కదలగానే వాడు గోడ దూకి పోయాడు. నేను అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చాను. సద్ర చెప్పినట్టే ఏడ్చాను. కళ్ళు తెరవని రోజున గోరంత కోయనివ్వని దాన్ని, ఎవరు కోస్తున్నారో వాడికి చక్కగా తెలిసే రోజున, నమ్మి పడుకున్న తల మీద కోశాను.

మంగళవారం పొద్దున పాన్ సువిత్ర, పూజారి వచ్చారు. బరక్ రాత్రంతా ఇంటికి రాలేదు. మెన్ లస్తి వాకిట్లో మెట్ల కింద ముడుచుకుని ఉన్నాడని ఆమే వచ్చి చెప్పింది. అందరం వెళ్ళాం. నన్ను చూడగానే వాడు మెట్ల కిందికి ఇంకా లోపలికి జరిగాడు. పాన్ సువిత్ర వంగి, చెయ్యి పెట్టి, నెమ్మదిగా వాడి తల ఇటు తిప్పాడు. చెవి చూశాడు. ముళ్ళు గీరితే తెగేది చిరుగులు చిరుగులుగా తెగుతుంది. ఇది అరటాకు కోసినట్టు తిన్నగా ఉంది.

ఆయన లేచి నా చేతుల వంక చూశాడు. గోళ్ళ చుట్టూ ఎంత కడిగినా పోని ఎరుపు ఉంది. మెన్ లస్తి కూడా చూసింది.

"కంచెకి గీరుకుపోయినట్టుంది స్వామీ" అన్నాడు పాన్ సువిత్ర పూజారితో. "గోడలు దూకే కుక్క కదా."

పూజారి ముసలివాడు, చూపు అంతంత మాత్రం. "అయ్యో, పనికిరాదే ఇక. ఇంకోటి చూడండి" అని వెనక్కి తిరిగాడు.

పాన్ సువిత్ర వెళ్తూ నా దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తిడతాడనుకున్నాను. "చెవికి వేపాకు నూరి పెట్టు చెల్లీ, చీము పట్టకుండా" అని వెళ్ళిపోయాడు. నేను వేపాకు నూరాను. పెట్టింది మాత్రం మెన్ లస్తి. నా చేతికి వాడు అందలేదు.

కొండ మీది ఊరి నుంచి ఇంకో ఎర్ర కుక్కను తెచ్చారు. ఎవరిదో నేనడగలేదు. యజ్ఞం రోజు తెల్ల రవిక తొడుక్కుని, పూలబుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళి, ఆడవాళ్ళ వరసలో అందరికంటే వెనక కూర్చున్నాను. గంట మోగుతున్నంతసేపూ తలెత్తి చూడలేదు. చేతులు జోడించి, నాకు తెలియని ఆ కుక్క మంచి ఇంట్లో పుట్టాలని, దాన్ని ఎత్తుకునే తల్లి దాన్ని ఎప్పుడూ కిందికి దించకూడదని అడిగాను. ఎక్కడో ఒక ఇంటి వాకిట్లో నాలాంటిదెవరో ఇవాళ ఖాళీ చేతులతో కూర్చుని ఉంటుందని తెలుసు. తీర్థం చల్లినప్పుడు ముఖం మీద పడ్డ నీళ్ళు తుడుచుకోలేదు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. మొన్నటి వానలకి గట్టు నిలిచింది.

బరక్ బతికే ఉన్నాడు. చెవి మానింది. మెన్ లస్తి మెట్ల కింద పడుకుంటాడు. మొదట్లో ఆమె వాణ్ణి నాలుగుసార్లు మెడ పట్టుకుని తెచ్చి నా వాకిట్లో వదిలింది.

"ఇదిగో, నీ బిడ్డని నువ్వే సాకుకో. నా కోళ్ళకి కునుకు లేదు" అనేది పైకి. వదలగానే వాడు నేలకి పొట్ట ఆనించి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, గోడ వారగా జరిగి జరిగి వెళ్ళిపోయేవాడు. నాలుగోసారి ఆమె అక్కడే నిలబడి చూసింది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది. ఇక తేలేదు.

కత్తి చూసి భయపడుతున్నాడేమోనని దాన్ని చూరులో దోపేశాను. కొబ్బరాకు ఇప్పుడు గోళ్ళతోనే చీల్చుకుంటాను. దొన్నెల అంచులు వంకరగా వస్తున్నాయని సంతలో ఒకరిద్దరు మూతి విరిచారు, విరవనివ్వండి. బంతి మళ్ళీ నాటాను. దేవగన్నేరు కింద గుంట మాత్రం పూడ్చలేదు. చుట్టూ పూలు విరగబూశాయి, మధ్యలో ఆ గుంటలో వాన నీళ్ళు నిలిచి ఎండిపోతాయి. పోలెంగ్‌కి ఇప్పుడు చూపు దాదాపు పోయింది, అయినా సాయంత్రమైతే గడప మీదికి వచ్చి కూర్చుంటుంది. నేనూ దాని పక్కన కూర్చుంటున్నాను. ఇద్దరం ఎదురుచూసే మనుషులు వేరు, అంతే.

ఎందుకు కోశానో వాడికి చెప్పే భాష నా దగ్గర లేదు. మనిషికైతే ఎప్పటికో ఒకప్పటికి చెప్పుకోవచ్చు. ఒక్కోసారి కోపం కూడా వస్తుంది, నీ ప్రాణం కోసమే కదరా అని. ఎవరి మీద కోపమో తెలీక ఆ పూట బంతి మడిలో కలుపు పీకుతాను.

ఊరు ఇంకా నన్ను మెన్ బరక్ అనే పిలుస్తుంది. బిడ్డ పోయిన తల్లి పేరు కూడా మా దగ్గర మారదు. చేపలమ్మే మనిషి "మెన్ బరక్!" అని కేకేస్తే "ఆఁ, వస్తున్నా" అని పలుకుతాను.

పొద్దున్నే వాకిట్లో దొన్నెలో అన్నం ముద్దలు పెట్టి, పువ్వు పెట్టి, నీళ్ళు మూడుసార్లు చల్లుతాను. ఇప్పుడెవరూ తొందరపెట్టరు. వాకిలి అవతల, మెన్ లస్తి గోడ నీడలో, వాడు నిలబడి ఉంటాడు. నేను వాకిట్లో ఉన్నంతసేపు అక్కణ్ణించి అడుగు వెయ్యడు. అందుకని త్వరగా లేచి, లోపలికి వచ్చి, తలుపు మూసేస్తాను. మూసి, ఆ తలుపుకే వీపు ఆనించి కింద కూర్చుంటాను. కాసేపటికి గోళ్ళు రాతి మీద టకటకమంటూ దగ్గరికొస్తాయి. దొన్నె నేల మీద రాసుకుంటుంది. మా ఇద్దరి మధ్యా ఆ చెక్క ఒక్కటే ఉంటుంది. దగ్గొచ్చినా ఆపుకుంటాను. వాడు కడుపు నిండా తిని వెళ్ళేదాకా నేను కదలను.